మార్కెట్ ఇంటెలిజెన్స్ వాళ్లూ, ప్లాంట్ ఇంప్రూవ్‌మెంట్ వాళ్లూ కలిసి పనిచేసేదెలా?

ప్రశ్న – భీమవరం, రొయ్యల ప్లాంటు, ఇంప్రూవ్‌మెంట్ విభాగం

నమస్కారమండి. మా హెడ్డాఫీసులో మార్కెట్ ఇంటెలిజెన్స్ టీమ్ ఒకటి ఉంది. ఎగుమతి ఆర్డర్లు, సుంకాలు, చెరువుల్లో జబ్బులు, మనకు పోటీగా రొయ్యలమ్మే ఈక్వెడార్ ధరలు అన్నీ వాళ్లే చూస్తారు. మేం ప్లాంటులో ఉంటాం. ఐసు వృథా తగ్గించడం, పీలింగ్ (తొక్క తీసే) లైను సర్దడం, గ్రేడింగ్‌లో, అంటే సైజులవారీగా వేరుచేయడంలో, ఆలస్యం తగ్గించడం మా పని. వాళ్లు సోమవారం సోమవారం లావుపాటి పీడీఎఫ్ పంపుతారు, చదివే తీరిక ఎవరికీ ఉండదు. మొన్న 100 కౌంట్ సరుకు, అంటే కిలోకు వంద తూగే చిన్న రొయ్య, ఒక్కసారిగా వచ్చి పడింది. మేమేమో లైన్లన్నీ 40 కౌంటుకు సర్ది కూర్చున్నాం. తీరా చూస్తే ఆ సంగతి పీడీఎఫ్‌లో ఎక్కడో లోపల ఒక్క వాక్యంగా ఉంది! తప్పెవరిదని మీటింగులో ఒకటే గొడవ. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాం, గుడ్ మార్నింగులతో నిండిపోయింది. దారి ఏమైనా ఉంటే చెప్పండి.

జవాబు – కాకినాడ, ఎగుమతి కంపెనీలో సమాచార విశ్లేషణ

అసలు వాళ్లని మీరేం అడిగారో చెప్పండి ముందు. ఏమీ అడగకపోతే వాళ్లకు తెలిసిందంతా రాసి పంపుతారు, పాపం వాళ్ల తప్పేముంది? ఇంటెలిజెన్స్ పని మొదలయ్యేదే నిర్ణయం తీసుకునేవాళ్ల ప్రశ్నతో. 'జబ్బుల గురించి చెప్పండి' అంటే అది ప్రశ్న కాదు. 'రాత్రి షిఫ్టుకు అదనంగా మనుషుల్ని పిలవాలో వద్దో సాయంత్రం నాలుగింటికి తేల్చాలి. రేపు వచ్చే సరుకులో 80 కౌంట్ దాటింది ఎంత ఉండొచ్చో మూడున్నరకల్లా నోట్ రాసి పంపండి' అనండి, అదీ ప్రశ్న.

ఎందుకింత పట్టింపు అంటే, 40 కౌంట్ సరుకు టన్నుకు 40 వేల రొయ్యలు. 100 కౌంట్ అయితే లక్ష. తూకం అదే, తీయాల్సిన తలలు రెండున్నర రెట్లు. ఈ లెక్క హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్లకు తట్టదు. వాళ్లు టన్నుల్లో ఆలోచిస్తారు, మీరు చేతుల్లో ఆలోచిస్తారు.

ఇంకోటి. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే రైతు ఆగడు, రొయ్యలు చనిపోకముందే వల వేసేస్తాడు. చిన్న కౌంట్ సరుకు ఒకేసారి గేటు దగ్గరికొస్తుంది. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి జబ్బు అలా కాదు. రొయ్య బతికే ఉంటుంది గానీ ఎదగదు, ఒకే చెరువులో రకరకాల సైజులు. మొదటిదానికి మీకు కావాల్సింది పీలింగ్ మనుషులు, ఐసు. రెండోదానికి గ్రేడింగ్ దగ్గర బలం. రిపోర్టులో రెండిటినీ కలిపి 'జబ్బుల ఉధృతి' అని రాస్తే ప్లాంటుకు ఏం ఉపయోగం చెప్పండి?

జవాబు – నరసాపురం, ప్లాంట్ మేనేజర్

పై వారి మాట సగమే నిజమండి. సమాచారం పైనుంచే రావాలని ఏముంది? మీ గ్రేడింగ్ రిజిస్టరు తీయండి. లాట్ నంబరు, ఏ మండలం సరుకు, కౌంట్, సాఫ్ట్ షెల్ (మెత్తటి తొక్క) ఎంత, సైజు తేడా ఎంత. కాళ్ల, ఉండి, ఆకివీడు అని విడగొట్టి వారం వారం చూస్తే చెరువుల పరిస్థితి ఏజెంటు ఫోనులో చెప్పేదానికన్నా నమ్మకంగా తెలుస్తుంది. టేబుల్ దగ్గర నిలబడే ఆడవాళ్లు 'ఈ వారం రొయ్య మెత్తగా వస్తోందండి' అంటారు చూడండి, ఆ మాట మీ ఇంటెలిజెన్స్ టీమ్ చెవిన పడాలి. ఆ టీమ్‌లో ఒకరిని వారానికి ఒక రాత్రయినా సరుకు దిగే రిసీవింగ్ దగ్గర నిలబెట్టండి.

ఒక్క జాగ్రత్త. ఆ రిజిస్టరు పట్టుకుని సూపర్‌వైజర్‌ని నిలదీశారంటే మర్నాటి నుంచి అంకెలు అందంగా తయారవుతాయి.

ప్రశ్న అడిగినవారు

బాగుందండి. కానీ సుంకాలు, విదేశీ వార్తలు మా లైనుకు ఎందుకు? అవి మార్కెటింగ్ వాళ్లకు కదా?

జవాబు – కాకినాడ

రోజువారీ పనికి అక్కర్లేదు. మీరు ఏ లైను మీద నెలల తరబడి కష్టపడాలో తేల్చుకోవడానికి కావాలి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది, యాంటీ డంపింగ్ లాంటి వేరే సుంకాలు దానికి అదనం; ఆ తర్వాత ఆ రేటు మళ్లీ మారింది. మన రొయ్యకు పెద్ద గిరాకీ ఆ దేశమే. అలాంటప్పుడు అమెరికాకు పోయే తొక్క తీసిన సరుకు లైనులో సెకన్లు ఆదా చేస్తూ కూర్చోవాలా, వేరే దేశాలకు తలతో పోయే సరుకుకు ఫ్రీజింగ్ ముందు ఆలస్యం తగ్గించాలా? నెలకోసారి మీ పనుల జాబితా ఇంటెలిజెన్స్ వాళ్ల ముందు పెట్టి, 'ఇందులో ఆపాల్సినవి ఏవి?' అని అడగండి. కొత్తవి చెప్పడానికి అందరూ ముందుంటారు.

రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషాల సంగతీ అంతే. యూరప్ వాళ్ల ఆహార భద్రత వ్యవస్థ ర్యాస్ఫ్ హెచ్చరికలు, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిప్పి పంపిన సరుకుల వివరాలు ఎవరైనా నెట్‌లో చూసుకోవచ్చు. నిషేధించిన నైట్రోఫ్యూరాన్ మందు కేసులు కనబడుతున్నాయని ఇంటెలిజెన్స్ వాళ్లు చెబితే సరిపోదు. టెస్టు మీ రిసీవింగ్ దగ్గర జరుగుతోందా, పట్టుబడికి (వల వేసి రొయ్య తీయడానికి) ముందే చెరువు దగ్గర జరుగుతోందా అన్నది చూడాల్సింది మీరు. కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా వారి ఎలీసా (యాంటీబయాటిక్ అవశేషాలు పట్టే పరీక్ష) ల్యాబుల్లో పట్టుబడికి ముందు పరీక్ష చేయించే ఏర్పాటు ఉండనే ఉంది. సరుకు లోపలికొచ్చాక పాజిటివ్ అని తెలిస్తే లాట్లు విడదీయలేక చచ్చిపోతారు.

జవాబు – అమలాపురం, మేత డీలరు

నేను మీ ప్లాంట్ల మనిషిని కాదు గానీ ఒక మాట. మా దగ్గర్నుంచి కూపీ లాగేది మీ ఇంటెలిజెన్స్ వాళ్లే కదా. ఫలానా రైతు చెరువులో వైట్ స్పాట్ అని మేం నమ్మి చెప్పిన మాట మీ పర్చేజ్ వాళ్ల చెవిన పడి, గట్టు మీదే రేటు కోసేశారనుకోండి, ఇక ఈ లంకల్లో మీకు నిజం చెప్పే నాథుడు ఉండడు.

జవాబు – కాకినాడ

నూటికి నూరుపాళ్లు నిజమండి. ప్లాంటుకు వెళ్లే నోట్‌లో మండలం దాటి కిందికి పోకూడదు. రైతు పేరు, చెప్పినవారి పేరు అసలు ఉండకూడదు. లైను సర్దుకోవడానికి పేర్లతో పనేముంది?

ప్రశ్న అడిగినవారు

ఆ సాయంత్రం నోట్ ఎవరు రాయాలండి? ఎంత ఉండాలి?

జవాబు – నరసాపురం

రాసేది ఇంటెలిజెన్స్ వాళ్లే, అయిదు లైన్లు, తెలుగులో. షిఫ్ట్ ఇన్‌చార్జి నిలబడి చదువుకోవాలి. ప్రతి లైను పక్కన 'ఖాయం', 'అవకాశం ఉంది', 'వినికిడి' అని మూడింటిలో ఒకటి వేయించండి. వినికిడి మాటకు మనుషుల్ని పిలవొద్దు, ఐసు మాత్రం కాస్త ఎక్కువ ఆర్డర్ పెట్టుకోండి. మర్నాడు అదే కాగితం మీద నిజంగా వచ్చిన కౌంట్ రాసి మీరు వెనక్కి పంపాలి. చాలాచోట్ల ఆగిపోయేది ఇక్కడే, వెనక్కి ఎవరూ పంపరు. మీ షెడ్డులో ఆ పనికి ఒకరి పేరు ఈరోజే పెట్టేయండి. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజీ పెట్టకుండా సెట్టింగ్ ఉంది, గుడ్ మార్నింగుల బెడద దాంతో పోతుంది.