“చంద్రునికంతయై”: ఆ ‘య’, ఆ ‘కి’

(బెంగళూరు పేటల పేర్లే ఇక్కడ మాట్లాడేవాళ్ళ పేర్లు.)

మల్లేశ్వరం: పోతన భాగవతంలో వామనుడు పెరిగే పద్యం, “ఇంతింతై వటుఁడింతయై” మూడో పాదం పొద్దుట్నుంచీ నోట్లో నలుగుతోంది. “నంతై చంద్రునికంతై ధ్రువునిపై…” అనుకుంటుంటే ఎక్కడో కుంటుతోంది. బెంగళూరు పిల్లల కోసం విశ్వ విస్తరణ మీద రాస్తున్న వ్యాసానికి “బ్రహ్మాండాంత సంవర్ధి” అని పేరు పెడితే నప్పుతుందా?

జయనగర్: కుంటదా మరి! శార్దూలమండీ. “నంతైచం” మగణం (మూడూ గురువులే), “ద్రునికం” సగణం (చివర గురువు), ఆపైన జగణం (నడుమ గురువు) రావాలి. “కంతై” అంటే “తైధ్రువు” అని భగణం (మొదట గురువు) పడుతుంది. “కంతయై” అంటేనే “తయైధ్రు” కుదురుతుంది.

బనశంకరి: ‘య’ సరే, ‘కి’ సంగతేమిటి? నభోవీధిపై, ప్రభారాశిపై, ధ్రువునిపై, మహర్వాటిపై అన్నాయన చంద్రుడి దగ్గర మాత్రం ‘కి’ వేశాడు. గణం కోసం విభక్తి మార్చాల్సిన అవసరం పోతనకు లేదు. ‘పై’ అంటే దాటిపోవడం, ‘కి’ అంటే అందుకోవడం. చంద్రుణ్ణి అందుకుని ఒక్క క్షణం ఆగాడని నా నమ్మకం.

జయనగర్: “తోయదమండలాగ్రమునకు” కూడా ఉంది కదండీ. మబ్బు దగ్గరా ఆగాడా?

కోరమంగళ: ఆగినా ఆగకపోయినా ఆ పాదం ఖగోళశాస్త్రంలో దూరాలు కొలిచే నిచ్చెనలా ఉంది. మెట్టు మీద మెట్టు. పైగా ధ్రువనక్షత్రం సెఫీడ్ తారే, సుమారు 4 రోజులకోసారి వెలుగు హెచ్చి తగ్గుతుంది. ఎంత వ్యవధికి ఎంత అసలు ప్రకాశమో 1912లో ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెటా లెవిట్ తేల్చారు. భూమి కక్ష్యలో కదిలేకొద్దీ తార జరిగినట్టు కనబడే పారలాక్స్‌తో దగ్గరి సెఫీడ్‌ల దూరం కొలిచి, వాటితో పక్క గెలాక్సీల దూరం, అక్కడ ఇంచుమించు ఒకే ప్రకాశంతో పేలిన తారలైన టైప్ 1ఏ సూపర్‌నోవాలతో ఇంకా పైకి. కింది మెట్టు కదిలితే పైదంతా కదులుతుంది. ప్రకాశంలో 0.17 మాగ్నిట్యూడ్ (తారల వెలుగు కొలమానం) తప్పితే దూరం 8 శాతం తప్పుతుంది. ఇప్పటి పేచీ అంతా ఆ 8 శాతమే: విశ్వ విస్తరణ రేటు ఈ నిచ్చెన ప్రకారం, సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలైన ఒక్కో మెగాపార్సెక్‌కు సెకనుకు 73 కిలోమీటర్లు, ప్లాంక్ ఉపగ్రహం చూసిన విశ్వపు తొలి వెలుగు ప్రకారం 67.4. పక్క తారల వెలుగు కలిసిపోయి సెఫీడ్ ఎక్కువ వెలుగుతున్నట్టు, అంటే దగ్గరగా ఉన్నట్టు కనబడుతోందేమోనని అనుమానించారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ విడదీసి చూసినా తేడా పోలేదు.

బనశంకరి: నిచ్చెన అంటే మన ఖగోళ శాస్త్రవేత్త వైను బాప్పూగారు గుర్తొస్తారు. వర్ణపటంలోని కాల్షియం గీత వెడల్పును బట్టి తార అసలు ప్రకాశం చెప్పొచ్చని 1957లో విల్సన్‌తో కలిసి చూపించారు. అదీ దూరం కొలిచే దారే. కావలూరు అబ్జర్వేటరీకి ఆయన పేరే.

మల్లేశ్వరం: నా శీర్షిక?

కోరమంగళ: ‘సంవర్ధి’ వద్దండీ. వామనుడు ఒళ్ళు పెంచాడు, లోకాలు ఉన్నచోటే ఉన్నాయి. ఇక్కడ గెలాక్సీలు పెరగవు, వాటి మధ్య చోటు సాగుతుంది. వ్యాకోచం అంటే కాలిన ఇనుప కడ్డీ గుర్తొస్తుంది. విస్తరణే మేలు. ఇంకొకటి, “విస్తరణ రేటు పెరుగుతోంది” అని మాత్రం రాయకండి. 1998లో దూరపు సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా మసకగా కనబడి తేల్చింది త్వరణాన్ని. ఒక గెలాక్సీ మననుంచి దూరమయ్యే వేగం పెరుగుతుంది. మెగాపార్సెక్‌కు ఇంత అనే రేటు తగ్గుతూనే ఉంటుంది. ఈ త్వరణానికి కారణమనుకుంటున్న డార్క్ ఎనర్జీ మారని స్థిరాంకమైతే, ప్లాంక్ లెక్కన అది 56 దగ్గర నిలుస్తుంది.

బనశంకరి: డార్క్ ఎనర్జీకి “పెంజీకటి” అనొచ్చుగా, గజేంద్రుడి నోటి మాట!

కోరమంగళ: చీకటి వెలుగును మింగుతుంది, ఇది అడ్డే రాదు. “అదృశ్యశక్తి” నయం.

మల్లేశ్వరం: దయ్యాల కథనుకుంటారండీ పిల్లలు.

జయనగర్: ‘కి’ దగ్గరికి రండి. మబ్బుకు “అగ్రమునకు” అని చివర చూపించాడు, చంద్రుడికి అగ్రం లేదు. ఈ రెండు షష్ఠులూ (కి, కు విభక్తులు) ఒకటి కావు.