హంగేరీ యూదు స్వరకర్తల చతుష్టయాలు, త్రయాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: విజయనగరం కోట దగ్గర మా గురువుగారి వద్ద వయొలిన్ నేర్చుకుంటున్నాను. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య హంగేరీ యూదు స్వరకర్తలు ముగ్గురు నలుగురు వాద్యకారుల కోసం కూర్చిన రచనల్లో (త్రయాలు, చతుష్టయాల్లో) దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: లియో వైనర్ రెండవ చతుష్టయం వినండి, దానికి 1922లో అమెరికాకు చెందిన కూలిడ్జ్ సంగీత బహుమతి వచ్చింది. మన కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది గాని, ఇక్కడ రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వియోలా, మంద్రంగా పలికే పెద్ద వాద్యం చెల్లో ఒకేసారి వేర్వేరు స్వరపంక్తులు నడుపుతాయి గనుక, మొదటిసారి చెల్లో స్వరాన్ని మాత్రమే పట్టుకుని వినడం మేలు.

మరో జవాబు: నాకైతే షాండోర్ కుటి 1934లో కూర్చిన తంత్రీత్రయ సెరినేడ్ (మూడు తంత్రీవాద్యాల తేలికపాటి రచన) ఎక్కువ నచ్చింది. ఇద్దరి కోసమే అయినా, లాస్లో వైనర్ వియోలా, పియానో సొనాటానూ (కొన్ని భాగాలుగా సాగే వాద్యరచన) వదలకండి (ఇంటిపేరు చూసి లియో అని పొరబడేరు!). హంగేరీ స్వరకర్త కోడాయ్ శిష్యుడైన లాస్లో 1944లో నిర్బంధ శ్రమశిబిరంలో మరణించారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రాత్రి చెల్లోను పట్టుకునే విన్నాను. రెండు నిమిషాలకే మళ్ళీ వయొలిన్ వెంట పోయాను.