బోరు నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతాదా?

వేరుశనగచేను:
అనంతపురం దగ్గర పల్లె మాది. సత్యసాయి పథకం కొళాయి నీళ్లు వారానికి ఒకసారి వస్తే గొప్ప, పైపు యాడో పగిలిందంటారు, మోటరు కాలిందంటారు. ప్లాంటు క్యాను పది రూపాయలు, రోజుకొకటి లెక్కేసినా నెలకు మూడొందలు, ఉపాధి పనిలో ఒక రోజు కూలి నీళ్లకే పాయె. అందుకే మా వీధిలో శానా మంది బోరు నీళ్లే తాగుతాండారు. మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్లు, కొత్తగా వచ్చిన పళ్ల మీద గోధుమరంగు చారలు. కాచి తాపితే సరిపోతాది అంటాది మాయమ్మ. నిజమేనా?

చెరువుకట్ట:
కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు తమ్ముడూ. నీళ్లు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కనైతాది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాల, వేరే నీళ్లు దొరక్కుంటే 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్లాంటోళ్లు టీడీఎస్ మీటరు ముంచి నంబరు చూపిస్తారే, అది మొత్తం ఉప్పుల లెక్క, ఫ్లోరైడ్ ఎంతో దాంట్లో తెలీదు. ప్లాంటులో ఉండే ఆర్వో ఫిల్టరు ఫ్లోరైడ్‌ను తీస్తాది, దాంట్లో నీళ్లు వడగట్టే పొర (మెంబ్రేన్) టయానికి మారిస్తేనే. నీళ్లు ప్లాస్టిక్ బాటిల్లో పట్టి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో ఇయ్యండి. పళ్ల మీదవి ఫ్లోరైడ్ చారలైతే వాటంతట అవి పోవు. పిల్లోనికి పాలు, రాగిసంగటి, ఉసిరికాయ పెట్టండి, కాల్షియం, సి విటమిన్ తక్కువుండే ఒంటికి దెబ్బ ఎక్కువ.

పెన్నగట్టు:
పాలు కొనేటోడు క్యానూ కొంటాడు కదన్నా. అసలు కత ఏందంటే, 1990ల్లో సత్యసాయి ట్రస్టు ఏడొందల పైచిలుకు ఊర్లకు పైపులేసి సర్కారుకు అప్పజెప్పింది, కట్టినంత శ్రద్ధ నడిపేదాంట్లో యాడుంది? ఉన్నోళ్లు ఇంట్లో ఆర్వో పెట్టుకునిరి, మధ్యోళ్లు క్యానుకు అలవాటు పడిరి, ఇంక గ్రామసభలో కొళాయి గురించి అడిగేదెవరు, అడిగినా ఇనేదెవరు. ఎలక్షన్ ముందు ప్లాంటు పెట్టి ఫ్లెక్సీ కడతారు, మెంబ్రేన్ మార్చినందుకు ఫ్లెక్సీ కట్టినోన్ని నేనైతే చూడల్యా. ఇంటింటికీ కొళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ పథకం కింద మనిషికి రోజుకు 55 లీటర్లు రావాల, కొళాయి బిగించి ఫొటో తీసుకుంటే నీళ్లు వచ్చినట్టేనా?

చెరువుకట్ట:
మాట నిజమే, కానీ ఉత్త నోటిమాట మీద ఎవరూ కదలరు. ల్యాబు రిపోర్టు జతచేసి సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇయ్యండి, రసీదు మాత్రం మర్చిపోవద్దు. పంచాయతీలో టెస్ట్ కిట్ కూడా ఉండాల, ఊర్లో ఆడోళ్లకు దాంట్లో ట్రైనింగ్ ఇస్తారు.

వేరుశనగచేను:
కిట్ ఉందంటన్నా, బీరువాలో. తాళం ఎవరి దగ్గరుందో అడిగితే ఒకరి మీద ఒకరు చెప్తాండారు. రేపు బోరు నీళ్లు, ప్లాంటు నీళ్లు రెండూ పట్టుకుని ల్యాబుకే పోతా.