అప్‌డేట్: మామ్మ వాళ్ళ నాన్న పేరు దొరికింది

మా మామ్మ వాళ్ళ నాన్న ఇల్లెందు బొగ్గు గనిలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి బర్మా వైపు చనిపోయారని, ఆయన జాడ ఎలా వెతకాలని అడిగాను కదా. దొరికింది.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఇన్నాళ్లూ విజయనగరం జిల్లా అని వెతికాను, అదే తప్పు. ఆ జిల్లా ఏర్పడిందే 1979లో, అంతకుముందు మా పల్లె ఉన్న శ్రీకాకుళం జిల్లా 1950లో. యుద్ధకాలంలో మాది విశాఖపట్నం జిల్లా. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్‌లో 'Vizagapatam' అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికితే, భార్య పేరు, ఊరి పేరుతో సహా వచ్చింది. సమాధి లేదు. యాంగోన్ (అప్పటి రంగూన్) దగ్గర తౌక్యాన్‌లో, సమాధి తెలియని సుమారు 27,000 మంది పేర్లు చెక్కిన రంగూన్ స్మారకం మీద ఆయన పేరుంది.

మామ్మకి చదివి వినిపించాను. "రంగంలోనా?" అంది. మావైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని అలాగే అంటారు. సెలవుకి వచ్చినా ఆయన గోళ్ళ సందుల్లో బొగ్గు మసి పోయేది కాదని వాళ్ళమ్మ చెప్పేదట. తండ్రి గురించి మామ్మకి తెలిసింది అంతే. వాళ్ళమ్మ పేరు మళ్ళీ చదవమంది. నాలుగుసార్లు చదివాను.

చనిపోయిన తేదీ కూడా ఉంది. ఇన్నేళ్లూ తిథి తెలియక మహాలయ అమావాస్యకే తద్దినం పెట్టేవాళ్ళం. ఈ ఏడు ఆయన పోయిన తిథికే పెడతాం.