ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం: డచ్చివారి మధ్యకు వెళ్లేముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

బందరువాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా వయసు 34 ఏళ్లు. పదకొండేళ్లుగా హైదరాబాదులో ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ దగ్గర ఒక సంస్థ నాకు ఉద్యోగం ఇస్తామని పత్రం పంపింది. సెలవు భత్యం కలుపుకొని ఏడాదికి 76,000 యూరోలు, పన్నుకు ముందు. ఒప్పందం మొదట ఏడాదికే. 2026 ఫిబ్రవరిలో చేరాలి. నా భార్య ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతున్నారు. మా అమ్మాయికి వచ్చే మార్చిలో ఐదేళ్లు నిండుతాయి.

ఇక్కడి నుంచి బయలుదేరేలోపు ఏయే కాగితాలు సిద్ధం చేసుకోవాలన్నది నా మొదటి సందేహం. రెండోది కొంచెం వేరే రకం. మూడో ఇంటర్వ్యూలో నేను ఒక డిజైన్ వివరించగానే, నా కన్నా చిన్నవాడిలా కనిపించిన ఒక డచ్చి ఇంజనీరు అందరి ముందూ, ‘ఇది నాకు నచ్చలేదు, ఇందులో రెండు లోపాలున్నాయి’ అని ముఖం మీదే చెప్పేశాడు. ఉద్యోగం పోయినట్టేనని ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. రెండు రోజులకే ఎంపికైనట్టు కబురు వచ్చింది. అలాంటి మనుషుల మధ్య రోజూ ఎలా మెలగాలో అక్కడ ఉన్నవారు చెప్పగలరా? బందరులో ఒకప్పటి డచ్చివారి పేరుతో ఉన్న వలందపాలెం మీదుగానే బడికి వెళ్లినవాడిని; డచ్చివారితో నాకున్న పరిచయం ఇప్పటివరకు ఆ పేరు ఒక్కటే.

కాలువగట్టు ఇచ్చిన జవాబు:

బందరువాసి గారూ, అభినందనలు. నేను ఐండ్‌హోవెన్ పక్కనే ఉన్న వెల్డ్‌హోవెన్‌లో పదేళ్లుగా ఉంటున్నాను. ముందు జీతం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ విషయంలో తేదీలు ముఖ్యం. నైపుణ్యం గల వలసదారు కింద, ఇక్కడి మాటలో కెన్నిస్‌మిగ్రాంట్ కింద, అనుమతి రావాలంటే మీ సంస్థ వలస శాఖ అయిన ఐఎన్‌డీ గుర్తించిన సంస్థ అయి ఉండాలి, మీ జీతం ఒక కనీస మొత్తాన్ని దాటాలి. 30 ఏళ్లు నిండినవారికి 2025లో ఆ మొత్తం నెలకు 5,688 యూరోలు. ఇందులో 8 శాతం సెలవు భత్యాన్ని లెక్కించరు. చాలామంది ఇక్కడే పొరబడి, ఒప్పందంలో కనిపించే ఏడాది అంకెను పన్నెండుతో భాగించి నిశ్చింతగా కూర్చుంటారు. మీ 76,000లో నుంచి సెలవు భత్యాన్ని తీసేసి చూస్తే నెలకు సుమారు 5,864 యూరోలే తేలుతుంది. 2025 లెక్కకు అది సరిపోతుంది. అయితే కనీస మొత్తం ప్రతి జనవరిలోనూ మారుతుంది కాబట్టి, దరఖాస్తు డిసెంబరు దాటకుండా వేయమని సంస్థవారిని ఇవాళే అడగండి. జనవరికి జారేటట్లయితే కొత్త అంకె చూసుకొని, అవసరమైతే జీతం సవరించమనండి. మొహమాటపడవద్దు, ఇక్కడ ఎవరూ దాన్ని తప్పుగా తీసుకోరు.

రెండోది 30 శాతం రూలింగ్. విదేశం నుంచి రప్పించుకున్న ఉద్యోగికి జీతంలో 30 శాతం వరకు పన్ను లేకుండా ఇచ్చే వెసులుబాటు ఇది. 2027 నుంచి అది 27 శాతానికి తగ్గుతుంది, మొత్తం మీద ఐదేళ్లకు మించి ఉండదు. ఉద్యోగంలో చేరిన నాలుగు నెలల్లోపు మీరూ సంస్థా కలిసి పన్నుల శాఖకు దరఖాస్తు చేస్తే మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది. ఆలస్యమైతే పోయిన నెలలు పోయినట్టే. ఒప్పందం మీద హైదరాబాదులో ఉండగానే సంతకం చేయండి. ముందుగా వచ్చి, ఇక్కడ స్థిరపడి, తర్వాత సంతకం చేసినవారిని విదేశం నుంచి రప్పించినట్టు లెక్క కట్టరు. ఈ వెసులుబాటు ఉన్నవారు మన డ్రైవింగ్ లైసెన్సును పరీక్ష లేకుండానే ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవచ్చు, ఇంట్లోవారికి కూడా అది వర్తిస్తుంది. ఇక్కడ డ్రైవింగ్ పాఠాలకు అయ్యే ఖర్చు తెలిశాక దీని విలువ మీకే అర్థమవుతుంది.

కాగితాల్లో అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేవి జనన, వివాహ ధ్రువీకరణ పత్రాలు. ముగ్గురి జనన పత్రాలూ, మీ వివాహ పత్రమూ రాష్ట్ర ప్రభుత్వం చేత ధ్రువీకరింపజేసి, విదేశాంగ శాఖ చేత అపోస్టిల్, అంటే పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించుకోండి. పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ ఉంది కదా అని వస్తే ఇక్కడి మునిసిపాలిటీ, అంటే ఖెమేంటె, దాన్ని జనన పత్రంగా ఒప్పుకోదు. పాత జనన పత్రాల్లో పిల్లవాడి పేరు గడి ఖాళీగా ఉండడం మన దగ్గర మామూలే కాబట్టి, ముందు అది చూసుకోండి. పత్రం ఇంగ్లీషులో ఉంటే అనువాదం అక్కరలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, మీ భార్య ఇంటిపేరు ఒక పత్రంలో ఒకలా మరో పత్రంలో మరోలా ఉన్నా అక్కడే సరిచేయించుకొని రండి. వచ్చాక ఐదు రోజుల్లో ఖెమేంటెలో నమోదుకు వెళ్లాలి, అక్కడ ఇచ్చే బీఎస్ఎన్ అనే వ్యక్తిగత గుర్తింపు సంఖ్య లేనిదే జీతం దగ్గర నుంచి ఆరోగ్య బీమా దాకా ఏదీ కదలదు.

ఇక మీ రెండో ప్రశ్న. ఆ ఇంజనీరు నచ్చలేదన్నది మీ డిజైన్‌ను, మిమ్మల్ని కాదు. దోషం చూసి కూడా చెప్పకపోవడాన్ని వీళ్లు మర్యాద అనుకోరు, బాధ్యత లేకపోవడం అనుకుంటారు. వచ్చిన కొత్తలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఒక సమావేశంలో, ఫలానా మాడ్యూల్ గురువారానికి అవుతుందా అని అడిగారు. కాదని నాకు తెలుసు. అయినా మన అలవాటు కొద్దీ ‘చూద్దాం, ప్రయత్నిస్తాను’ అన్నాను. మన దగ్గర ఆ మాట విన్న పెద్దమనిషికి పని కాదని అర్థమైపోతుంది, మళ్లీ అడగడు. ఇక్కడ దాన్ని ఒప్పుకోలుగా రాసుకున్నారు. గురువారం వచ్చింది, పని కాలేదు, నాతో రోజూ కాఫీ తాగే సహోద్యోగే అందరి ముందూ ‘మంగళవారం నువ్వు అవుతుందన్నావు’ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అతనికి మాత్రం అది అక్కడితో అయిపోయింది, మధ్యాహ్నం మామూలుగానే భోజనానికి పిలిచాడు. మంగళవారమే ‘కాదు, సోమవారానికి అవుతుంది’ అని ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

మేనేజరును పేరు పెట్టి పిలవాలి. ‘సార్’ అంటే ఎగతాళి చేస్తున్నారనుకునే ప్రమాదం ఉంది. సమావేశంలో మౌనంగా కూర్చుంటే వినయం అనరు, ఈ మనిషికి అభిప్రాయం లేదనుకుంటారు. ఒంట్లో బాగా లేకపోతే ఉదయమే కబురు చేసి ఇంట్లో ఉండండి. జబ్బేమిటని అడిగే హక్కు సంస్థకు లేదు, మీరూ వివరాలు చెప్పనక్కరలేదు. జ్వరంతో ఆఫీసుకు వచ్చి నిష్ఠ చూపించుకుంటే మాత్రం చిరాకు పడతారు.

ఆకాశమల్లి ఇచ్చిన జవాబు:

భర్త ఉద్యోగం మీద వచ్చి, రెండేళ్లు ఇంట్లో ఉండి, తర్వాత ఉద్యోగంలో చేరినదాన్ని కాబట్టి, కాలువగట్టు గారు వదిలేసినవి చెబుతాను.

మీ శ్రీమతి గారి నివాస కార్డు మీద పని చేయడానికి పూర్తి స్వేచ్ఛ ఉన్నట్టు రాసి ఉంటుంది, వేరే అనుమతి అక్కరలేదు. అయితే డచ్చి బడిలో లెక్కలు చెప్పాలంటే డచ్చి భాష బాగా రావాలి, మన డిగ్రీకి ఇక్కడ గుర్తింపు కూడా తెచ్చుకోవాలి. ఇంగ్లీషులో బోధించే అంతర్జాతీయ పాఠశాలలను ముందు ప్రయత్నించమనండి. భాష మాత్రం వచ్చిన వారంలోనే మొదలుపెట్టాలి. ‘అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా’ అనుకుంటూ నేను పోగొట్టుకున్న రెండేళ్లు తిరిగి రాలేదు.

పాప విషయంలో ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఐదేళ్లు నిండిన మరుసటి నెల మొదటి తేదీ నుంచి బడి చట్టప్రకారం తప్పనిసరి, సెలవుల్లో కాకుండా వేరే రోజుల్లో ఊరికి తీసుకెళ్లడానికి వీలుండదు. సంక్రాంతికనో, టికెట్లు చౌకగా ఉన్నాయనో ఒక వారం మాన్పించి విమానం ఎక్కిస్తే జరిమానా పడవచ్చు. దగ్గరి బంధువుల పెళ్లికైతే ముందుగా ప్రధానోపాధ్యాయుడికి రాసి అడిగితే కొద్ది రోజులు ఇస్తారు. నానమ్మలకూ అమ్మమ్మలకూ ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి, తర్వాత వాళ్లను ఒప్పించడం ఖెమేంటెను ఒప్పించడం కన్నా కష్టం. చాలా బడులు బుధవారం మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఆ పూట పిల్లలతో ఉండడానికి మీ తోటి ఉద్యోగుల్లో తల్లులే కాదు, తండ్రులు కూడా ఆఫీసుకు రారు. ఆ రోజు సమావేశం పెట్టి ఎవరూ రాలేదని బాధపడకండి.

ఇల్లు దొరకడం ఇక్కడ నిజంగా కష్టం. మొదటి ఒకటి రెండు నెలలకు సంస్థ వసతి ఇస్తుందా అని అడగండి. ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల కుటుంబానికి సరిపడే ఇంటి అద్దె 1,500 యూరోలు దాటడం మామూలే, యజమానులు అద్దెకు మూడు రెట్లకు తగ్గని జీతం చూపమంటారు. అడ్వాన్సుగా రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని 2023 జులై నుంచి చట్టం ఉంది. ఇల్లు కళ్లారా చూడకుండా ఒక్క యూరో కూడా పంపవద్దు. తాను విదేశంలో ఉన్నానని, డబ్బు వేస్తే తాళం చెవి తపాలాలో పంపుతానని చెప్పేవాడు దొంగ. ఆ చిరునామా మీద ఖెమేంటెలో నమోదు చేసుకోనిస్తారా అన్నది అద్దె కన్నా ముందు అడగవలసిన ప్రశ్న. ‘బోసిగా ఇస్తాం’ అని రాసిన ఇంట్లో ఒక్కోసారి నేల మీద పరిచిన చెక్క కూడా ఉండదు, పాత అద్దెదారు ఊడదీసుకుని వెళ్లిపోతాడు.

తిండికి లోటు లేదు. బ్రిటిష్ ఇండియా నుంచి 1873లో మొదలుపెట్టి, అప్పట్లో డచ్చివారి వలస రాజ్యమైన దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు కూలీలుగా తరలించినవారి సంతతి, 1975లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సమయంలో పెద్ద సంఖ్యలో ఇక్కడికి వచ్చింది. హేగ్‌లో వాళ్లు ఎక్కువ. కూరగాయలకు సురినామ్ పేర్లు ఉన్న కొట్లలో ‘సొప్రోపో’ అని రాసి ఉంటే అది కాకరకాయ, ‘కౌసెన్‌బాండ్’ అంటే మన పొడుగు అలసంద కాయ. ప్రతి సూపర్ మార్కెట్టులోనూ దొరికే ‘కార్నెమెల్క్’ చిలికిన మజ్జిగే. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి వేస్తే తేడా కనిపెట్టలేరు.

వేగుచుక్క ఇచ్చిన జవాబు:

పైవారు చెప్పినవన్నీ నిజమే కానీ, డచ్చివారు మనసులో ఏదీ దాచుకోరన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. పని గురించి ముఖం మీద చెబుతారు, నిజం. కానీ మీరు చెప్పిన ఆలోచనకు ‘ఆసక్తికరంగా ఉంది’ అని ఊరుకున్నారంటే, అది చాలాసార్లు ‘చూద్దాం’కు వాళ్ల రూపమే. నిర్ణయాలు కూడా మనం అనుకున్నంత సూటిగా జరగవు. అందరి అభిప్రాయమూ తీసుకోవాలన్న పట్టుదలతో ఒకే విషయం మీద మూడు సమావేశాలు పెడతారు, తేలిందనుకున్నది నాలుగో దానిలో మళ్లీ తెరుస్తారు. హైదరాబాదులో మేనేజరు ఒక్క మాటతో తేల్చేసే సంగతికి ఇక్కడ రెండు వారాలు పట్టడం చూసి నాకు మొదట్లో ఒళ్లు మండేది. కాఫీ దగ్గర నలుగురూ డచ్చిలోకి జారిపోయినప్పుడు కలిగే ఒంటరితనానికి సూటిదనం మందు కాదు, భాషే మందు.

ఏడాది ఒప్పందం అన్నారు. రెండేళ్లకన్నా తక్కువ ఒప్పందానికి చట్టప్రకారం ప్రొబేషన్ ఒక నెలకు మించకూడదు, మీ పత్రంలో రెండు నెలలని ఉంటే అడగండి. ఒకవేళ ఉద్యోగం పోతే, అనుమతి గడువు మిగిలి ఉన్నంత మేరకు, కొత్త సంస్థను వెతుక్కోవడానికి మూడు నెలల వరకు సమయం ఉంటుంది. కుటుంబాన్ని మొదటి రోజే వెంట తెచ్చుకోవాలా, ఇల్లు కుదిరాకా అన్నది ఇది లెక్కలోకి తీసుకొని తేల్చుకోండి. నేనైతే ఇల్లు కుదిరాకే తీసుకొచ్చాను.

బందరువాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కాలువగట్టు గారు చెప్పినట్టు దరఖాస్తు తేదీ గురించి ఈ ఉదయమే సంస్థకు రాశాను, ఈ నెలలోనే వేస్తామని జవాబు వచ్చింది. పత్రాలు బయటికి తీసి చూస్తే మా అమ్మాయిదీ నాదీ సరిగ్గానే ఉన్నాయి, నా భార్య జనన పత్రంలో మాత్రం ‘ఆడ శిశువు’ అని ఉంది, పేరు లేదు. ఆమె పుట్టింది గుడివాడలో. పేరు చేర్పించాక అపోస్టిల్ దాకా ఎన్నాళ్లు పడుతుంది?

ఆకాశమల్లి:

నాదీ అదే కథ, మాది తెనాలి. పుట్టిన చోటి మునిసిపాలిటీలో పదో తరగతి సర్టిఫికెట్టు, తల్లిదండ్రుల అఫిడవిట్టు ఇచ్చి పేరు చేర్పించడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఆ తర్వాత ధ్రువీకరణకూ అపోస్టిల్‌కూ మరో నెల. అమ్మానాన్నలలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది. ఈ సోమవారమే వెళ్లండి, రెండు అసలు ప్రతులు తీసుకోండి.