చెవి మిషన్ పెట్టేవాళ్లకు లైసెన్సు ఉండాలా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

చంద్రగిరి చిన్నోడు:
మా అవ్వకు 78 ఏళ్లు. పోయిన నెల తిరుపతిలో ఒక షాపులో మిషన్ పెట్టించినాం, 42 వేలు. పరీక్ష రోడ్డు పక్క గదిలోనే, తలుపు బార్లా తీసి, బయట ఆటోల హారన్లు మోగతా ఉంటే పది నిమిషాల్లో ముగించినారు. ఇంటికొచ్చినప్పటి నుంచి కుయ్‌మని కూత. అవ్వ దాన్ని తీసేసి వక్కాకు మాదిరి కొంగున ముడేసుకుని తిరగతా ఉంది. తెల్లకోటాయన్ని 'డాక్టరు గారూ' అని పిలిచినాం, ఆయనా కాదనలేదు. ఈ పనికి లైసెన్సు ఉంటుందా? ఎక్కడ చూసుకోవాల?

పలమనేరు ఆడియో:
ఉంటుంది తమ్ముడూ. నేను ఆ పనిలోనే ఉన్నా. 1992 చట్టం ప్రకారం ఢిల్లీలోని పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, మా పేర్లు కేంద్ర రిజిస్టర్‌లో ఎక్కిస్తుంది. దానికొచ్చే నంబరే సీఆర్ఆర్ నంబరు. అది ఉంటే దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేయొచ్చు, అందుకే చిత్తూరుకొకటి, వేలూరుకొకటి అక్కర్లేదు. మా చదువు బీఏఎస్ఎల్‌పీ, అంటే వినికిడి, మాటల చికిత్స డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. డీహెచ్ఎల్ఎస్ అని ఏడాది డిప్లొమా కూడా ఉంది, వాళ్లు మా కింద పనిచేయాల్సినవాళ్లు.
నీ దగ్గరున్న ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫు కాగితం తీసి చూడు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు ఉంటాయి. కింద సంతకం, పేరు, సీఆర్ఆర్ నంబరు ఉండాల. ఉత్త షాపు ముద్ర మాత్రమే ఉంటే సంగతి అర్థమైనట్టే. ఇంకోటి, పరీక్షకు ముందు చెవిలో లైటేసి చూసినారా?

గ్రీమ్స్‌పేట అమ్మ:
నంబరు ఉంటే సరిపోదండీ. మా బాబుకు మూడేళ్లొచ్చినా మాటలు రాలేదని స్పీచ్ థెరపీకి వేసినాం. గోడ మీద సర్టిఫికెట్, నంబరు అన్నీ ఉన్నాయి. ఎనిమిది నెలలు తిరిగినాక మా ఆడపడుచు కొడుకు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో వెతికితే, ఆ రిజిస్ట్రేషన్ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో వచ్చింది. ఆమె మంచిదే, బాబు కూడా ఆమె దగ్గర ఏడ్చేవాడు కాదు. కానీ ఆమె చదువు వేరు, మాకు కావాల్సింది వేరు. వినికిడి పరీక్ష చేయించమని ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారీ అడగలేదు. తర్వాత బెరా పరీక్ష (తలకు వైర్లు అంటించి, శబ్దానికి వినికిడి నరం ఎట్లా స్పందిస్తుందో చూసేది) చేయిస్తే రెండు చెవుల్లోనూ లోపం బయటపడింది.

పలమనేరు ఆడియో:
అక్కా, మాటలు రాని పిల్లోడికి ముందు చేయాల్సింది వినికిడి పరీక్షే. ఆ రిజిస్టర్లో సైకాలజిస్టులు, స్పెషల్ టీచర్లు, ఇంకా చానా రకాలవాళ్లు ఉంటారు. నంబరు పక్కన అర్హత ఏం రాసుందో, గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోవాల. మేము ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాల, దానికి తరగతులకు పోయి పాయింట్లు తెచ్చుకోవాల.

కొత్తపేట కోదండం:
నంబరు లేకుండా చేస్తే ఏం చేస్తారంట?

పలమనేరు ఆడియో:
ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

కొత్తపేట కోదండం:
వెయ్యి! మా నాయన మిషన్‌కు ఆరెంజి స్టిక్కర్ ఉండే 13 నంబరు బ్యాటరీలకు నాలుగు నెలల్లో అంతకంటే ఎక్కువైతాది. ఇంక భయమెవురికి సామీ?

పలమనేరు ఆడియో:
అదే మా ఏడుపు కూడా అన్నా. పైగా కోర్టు ఆ కేసు తీసుకోవాలంటే మండలి అధికారమిచ్చిన మనిషి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల. మనం స్టేషన్‌కు పోతే కుదరదు.

పుత్తూరు టు డాలస్:
నేను స్పీచ్ థెరపిస్టుని. టెక్సస్‌లో లైసెన్సు రాష్ట్రమే ఇస్తుంది, రెండేళ్లకోసారి రెన్యువల్. మిషన్లు అమర్చే ఫిట్టర్లకు కూడా విడిగా లైసెన్సు ఉండాలి, మనూళ్లో లేనిది అదే. కానీ రాష్ట్రం మారితే మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి, నాకు ఒకసారి ఆ తలనొప్పి తగిలింది. అమెరికాలో 2022 అక్టోబరు నుంచి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో స్వల్ప, మధ్యస్థ వినికిడి లోపానికి డాక్టరు చీటీ లేకుండానే షాపుల్లో మిషన్లు అమ్మొచ్చన్నారు. దాని మీద ఇక్కడ ఒకటే గొడవ.

క్లినిక్ బాధితుడు:
మా మరదలు శ్రీకాళహస్తిలో సొంతంగా క్లినిక్ పెట్టింది. ఆమె పేరు ఢిల్లీ రిజిస్టర్లో ఉన్నా, క్లినిక్‌కు జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్‌ల 2002 రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ వేరే చేయించుకోవాల్సి వచ్చింది. 2022లో జిల్లాలు చీలినాక పాత కాగితాల్లో చిత్తూరు, బోర్డు మీద తిరుపతి. ఆ కథ రాస్తే ఇంకో చర్చ పెట్టాల.

చంద్రగిరి చిన్నోడు:
కాగితం చూసినా. సంతకం ఉంది, నంబరు లేదు. చెవిలో లైటు కూడా వేయలేదంట. నిన్న అవ్వను ఈఎన్‌టీ దగ్గరికి తీసుకుపోయినాం. ఎడమ చెవి నిండా గుబిలి! తీసినాక అక్కడే మూసిన గదిలో పరీక్ష చేసినారు, ఈసారి ముప్పావు గంట పట్టింది. ఎడమ చెవికి మిషన్ అక్కర్లేదంట, కుడిదానికి మాత్రం పెట్టుకోవాలంట. అవ్వ ఇంటికొస్తానే 'టీవీ ఎందుకంత గట్టిగా పెట్టినార్రా' అని తిట్టింది.
షాపోళ్లు డబ్బు వాపసియ్యం, కావాలంటే మిషన్ మార్చిస్తాం అంటా ఉండారు.

క్లినిక్ బాధితుడు:
మార్చుకోవద్దు. బిల్లు, ఆ ఆడియోగ్రామ్, కొత్త రిపోర్టు మూడూ జిరాక్సులు తీసి పెట్టుకో. ముందు ఒక నోటీసు పంపు, రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పో. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది.

చంద్రగిరి చిన్నోడు:
బిల్లు అవ్వ ట్రంకుపెట్టెలో ఉంది. తాళంచెవి కొంగులో ఉంది. లేచినాక అడగతా.