టర్కీ స్థానిక ఎన్నికల్లో ప్రతిపక్షం గెలిచింది కదా, మరి ఆ దేశం ఎటు వెళ్తున్నట్టు?

రాజనీతి విద్యార్థి:
అందరికీ నమస్తే. పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ చేస్తున్నాను, సెమినార్‌కి టర్కీ తీసుకున్నాను. 2023 మేలో ఎర్డోగాన్ రెండో రౌండ్‌లో 52 శాతం ఓట్లతో మళ్లీ అధ్యక్షుడయ్యారు. పది నెలలకే, 2024 మార్చి 31న జరిగిన స్థానిక ఎన్నికల్లో ఆయన పార్టీ ఏకేపీ 35.5 శాతం దగ్గర ఆగిపోయింది, ప్రతిపక్ష సీహెచ్‌పీకి 37.8 శాతం వచ్చాయి. 81 ప్రావిన్సుల్లో 35 చోట్ల మేయర్ పదవి సీహెచ్‌పీకి, 24 చోట్ల ఏకేపీకి. సీహెచ్‌పీ మొదటి స్థానంలో నిలవడం 1977 తర్వాత ఇదే. తీరా ఏడాది తిరిగేసరికి సీహెచ్‌పీకి చెందిన ఇస్తాంబుల్ మేయర్ ఎక్రెమ్ ఇమామోగ్లు జైల్లో ఉన్నారు. ఈ గెలుపును దేశానికి మలుపు అనాలా, జనం ఒకసారి కోపం తీర్చుకున్నారు అనాలా? అక్కడ ఉన్నవాళ్లెవరైనా చెప్తే చాలా మేలు.

లెక్కల మాస్టారు:
తొందరపడి మలుపు అని రాయకు బాబూ. 2023లో దాదాపు 87 శాతం పోలింగ్ జరిగింది, 2024లో 78 దగ్గర ఆగింది. ఇంట్లో కూర్చుండిపోయినవాళ్లలో ఎక్కువమంది ఏకేపీ ఓటర్లే. వాళ్లు అలిగారు, అంతే, పార్టీ మారలేదు. తైవాన్ చూడు. 2018 చివర్లో స్థానిక ఎన్నికల్లో పాలక పార్టీ చిత్తుగా ఓడింది, దేశాధ్యక్షురాలు సాయ్ ఇంగ్-వెన్ తన పార్టీ అధ్యక్ష పదవి వదులుకున్నారు. 2020 జనవరిలో అదే సాయ్ 57 శాతంతో దేశాధ్యక్షురాలిగా మళ్లీ గెలిచారు. ఊరి ఓటు వేరు, దేశం ఓటు వేరు.

ఉస్కుదార్ అక్క:
తమ్ముడూ, నేను ఇస్తాంబుల్‌లో ఆసియా ఒడ్డున ఉస్కుదార్‌లో ఉంటాను, ఒక షిప్పింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎర్డోగాన్ సొంత ఇల్లు ఉన్నది, ఆయన ఓటు వేసేది మా ఉస్కుదార్‌లోనే. ఏళ్ల తరబడి ఏకేపీ చేతిలో ఉన్న ఈ మునిసిపాలిటీని 2024లో సీహెచ్‌పీ తరఫున సినెమ్ దెదెతాష్ గెలిచారు. ఆమె నౌకా ఇంజనీరు, అంతకుముందు సిటీ ఫెర్రీల సంస్థకు జనరల్ మేనేజర్. మా ఆఫీసులో అందరూ ఫెర్రీ మీదే వస్తారు కాబట్టి ఆమె పేరు ప్రచారానికి ముందే మాకు తెలుసు.

మాస్టారు గారు చెప్పిన పోలింగ్ లెక్క నిజమే. మా కింద అంతస్తులో రిటైరైన దర్జీ ఒకాయన ఉన్నారు. మొదటి నుంచీ ఏకేపీ మనిషి. 2024లో ఓటుకే వెళ్లలేదు. ఆ మార్చిలో ద్రవ్యోల్బణం సర్కారు లెక్క ప్రకారమే 68 శాతం, కనీస పెన్షన్ పదివేల లీరాలు, కనీస వేతనం 17,002. ఎన్నికలకు పది రోజుల ముందు కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును 50 శాతానికి తీసుకెళ్లింది. పెన్షన్ పెంచుతారేమోనని ఆయన చివరిదాకా ఎదురుచూశారు. "వాళ్లకి వెయ్యను, వీళ్లకీ వెయ్యను" అన్నారు. ఇలాంటివాళ్ల ఓట్లు కొన్ని గాజా విషయంలో కూడా ప్రభుత్వం మీద కోపంగా ఉన్న మతవాద పార్టీ యెనిదెన్ రెఫాకి పోయాయి. దానికి 6 శాతం పైగా వచ్చింది, షాన్లుర్ఫా, యోజ్‌గాట్ నగరాలు గెలిచింది. ఇదంతా ఒప్పుకుంటాను.

కానీ అలక ఒక్కటే అయితే ఇస్తాంబుల్‌లో ఇమామోగ్లుకి 51 శాతం, అంకారాలో అదే పార్టీ మేయర్ మన్సూర్ యవాష్‌కి 60 శాతం రావు. అవి పని చూసి వేసిన ఓట్లు. ఇక్కడ సిటీ నడిపే భోజనశాలలు ఉన్నాయి, కెంట్ లొకాంతసి అంటారు. ఎన్నికల నాటికి నాలుగు రకాలతో ప్లేటు 40 లీరాలు. మా ఆఫీస్ సెక్యూరిటీ అతను, యూనివర్సిటీ పిల్లలు, తలకు స్కార్ఫ్ కట్టుకున్న పెద్దావిడలు, అందరూ ఒకే క్యూలో ట్రే పట్టుకుని నిలబడేవారు. నాలుగేళ్లలోపు పిల్లలున్న తల్లులకు బస్సు, మెట్రో ఫ్రీ కార్డు ఇచ్చారు. సీహెచ్‌పీ వస్తే స్కార్ఫ్ తీయిస్తారు, సాయాలు ఆపేస్తారు అని ఎన్నో ఏళ్లుగా భయపెట్టిన ప్రచారానికి ఆ క్యూ కన్నా పెద్ద జవాబు లేదు. ఎర్డోగాన్ కూడా 1994లో ఇస్తాంబుల్ మేయర్‌గా నీళ్లు, చెత్త సమస్యలు చూసే పైకి వచ్చారు. ఆ దారి ఎంత దూరం తీసుకెళ్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అందుకే ఆ దారిని మూసే పని 2019 నుంచే మొదలైంది. అప్పుడు ఇమామోగ్లు 13 వేల పైచిలుకు ఓట్లతో గెలిస్తే ఎన్నిక రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు, తేడా 8 లక్షలు దాటింది. తర్వాత ఏం చేశారంటే, నగర రవాణా నిర్ణయించే కమిటీలో కేంద్ర మంత్రిత్వ శాఖల ప్రతినిధుల సంఖ్య పెంచేశారు. సిటీ కొత్తగా 5,000 టాక్సీలు కావాలని అడిగిన ప్రతిసారీ కమిటీలో వీగిపోయేది. వానలో టాక్సీ దొరక్క జనం తిట్టుకునేది మాత్రం మేయర్‌నే. సిటీ కౌన్సిల్‌లో కూడా 2024 దాకా ఏకేపీ కూటమిదే మెజారిటీ, మెట్రోకి అప్పు తేవాలన్నా వాళ్లు చెయ్యెత్తాలి. సెమినార్‌లో ఓట్ల శాతాల కన్నా ఈ టాక్సీల కథ రాయి. గెలిచిన ప్రతిపక్షానికి అధికారం ఎంత దక్కుతుందో దాంట్లో కనబడుతుంది.

మాస్టారు గారూ, తైవాన్‌తో పోలిక ఇక్కడే సరిపోదండీ. అక్కడ 2018లో గెలిచిన కావోషియుంగ్ మేయర్ 2020లో సాయ్ మీద పోటీ చేసి ఓడారు. పోటీ అయితే చేయగలిగారు కదా. ఇక్కడ 2025 మార్చి 18న యూనివర్సిటీ ఇమామోగ్లు డిగ్రీ రద్దు చేసింది. డిగ్రీ లేనివాళ్లు అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. మర్నాడు తెల్లవారుజామునే పోలీసులు ఇంటికొచ్చి తీసుకెళ్లారు. 23న అవినీతి కేసులో రిమాండ్ చేశారు. ఆరోపణలన్నీ అబద్ధమని ఆయన అంటున్నారు, కోర్టుల్లో తమ జోక్యం లేదని ప్రభుత్వం అంటోంది. సరిగ్గా ఆ 23నే అధ్యక్ష అభ్యర్థిగా ఆయన్ని ఎన్నుకోవడానికి సీహెచ్‌పీ ప్రైమరీ పెట్టుకుంది. సభ్యులు కానివాళ్లు కూడా వచ్చి సంఘీభావం పెట్టెలో ఓటు వేశారు. మొత్తం కోటిన్నర మంది వచ్చారని పార్టీ ప్రకటించింది.

తూర్పు గాలి:
అక్కా, ఇస్తాంబుల్ కన్నా ముందు తూర్పున ఉన్న కుర్దుల ఊళ్ల సంగతి చెప్పాలి. గెలిచిన మేయర్‌ని తీసేసి ప్రభుత్వం తన మనిషిని కూర్చోబెడుతుంది, ఆ మనిషిని అక్కడ కయ్యుమ్ అంటారు. 2016 నుంచీ అది నడుస్తోంది. 2019లో కుర్దుల పార్టీ హెచ్‌డీపీ గెలిచిన 65 మునిసిపాలిటీల్లో చాలావాటి గతి అదే. 2024లో వాన్ నగరంలో ఇప్పటి కుర్దుల పార్టీ డెమ్ అభ్యర్థి అబ్దుల్లా జైదాన్‌కి 55 శాతం వస్తే, అందులో సగం కూడా రాని ఏకేపీ అభ్యర్థికి గెలిచినట్టు పత్రం ఇవ్వబోయారు. జనం రోడ్ల మీదకొచ్చారు, ఎన్నికల మండలి వెనక్కి తగ్గింది. 2025 ఫిబ్రవరిలో ఆయన్నీ తీసేశారు. అప్పుడు పడమటి ఊళ్లవాళ్లు గట్టిగా అడిగి ఉంటే ఇప్పుడు ఇస్తాంబుల్ దాకా వచ్చేది కాదు.

రాజనీతి విద్యార్థి:
చాలా థాంక్స్ అక్కా, మిగతావాళ్లకి కూడా. ఒకటే అనుమానం. ఎర్డోగాన్‌కి ఇదే ఆఖరి టర్మ్ కదా? 2028లో ఆయనే ఉండనప్పుడు ఇంత పట్టుదల దేనికి?

ఉస్కుదార్ అక్క:
తూర్పు గాలి గారు అన్నది ముమ్మాటికీ నిజం. 2024 అక్టోబర్‌లో ఇస్తాంబుల్‌లోని ఎసెన్యుర్ట్ మేయర్‌ని అరెస్ట్ చేసి కయ్యుమ్‌ని పెట్టినప్పుడు ఇస్తాంబుల్‌కి అది కొత్త. వాన్ వాళ్లకి కాదు.

తమ్ముడూ, ఆఖరి టర్మ్ అన్నది గట్టి మాట కాదు. 600 మంది ఉన్న పార్లమెంట్‌లో 360 మంది ముందస్తు ఎన్నికలకు ఓటేస్తే ఆయన మళ్లీ నిలబడొచ్చు. రాజ్యాంగం మార్చి రెఫరెండం పెట్టాలన్నా కనీసం 360 కావాలి. ఏకేపీ, దాని మిత్రపక్షం ఎంహెచ్‌పీ కలిసినా అంతమంది లేరు. కాబట్టి ప్రతిపక్షం నుంచి ఎవరో ఒకరు కలవాలి. కుర్దుల పార్టీతో మాటలు, సీహెచ్‌పీ మీద కేసులు ఒకేసారి నడుస్తున్నాయంటే ఈ లెక్క పక్కన పెట్టుకుని చూడు.

ఇంకోటి గమనించు. పార్టీ మారే మేయర్లని చూడు. 2025 ఆగస్టులో అయిదిన్ మేయర్ ఓజ్లెమ్ చెర్చియోలు సీహెచ్‌పీ వదిలి ఏకేపీలో చేరారు. ఓట్లతో పోయిన ఊరు కండువా మార్చుకుని తిరిగొస్తే, 35 అన్న అంకె మీ పుస్తకాల్లోనే మిగులుతుంది. అయినా ఇమామోగ్లుని జైల్లో పెట్టాక కౌన్సిల్ నుంచి సీహెచ్‌పీ మనిషే, నూరి అస్లాన్, ఆయన స్థానంలో ఎన్నికయ్యారు. ఇక్కడ ప్రభుత్వం కయ్యుమ్‌ని పెట్టలేదు. 2024లో కౌన్సిల్ మెజారిటీ కూడా జనం ఇచ్చారు కాబట్టే అది కుదిరింది. సెమినార్ పేపర్లో మేయర్ల పట్టిక పక్కన కౌన్సిల్ సీట్ల పట్టిక కూడా తప్పకుండా పెట్టు.